4,29,49,67,297: విడగొట్టడం తేలికే, ఎక్కడ తట్టాలో తెలిస్తే

చూడ్డానికి 4,29,49,67,297లో ప్రత్యేకత ఏమీ కనబడదు. బేసి సంఖ్య, చివర 7. అంకెలన్నీ కూడితే 59 వస్తుంది కాబట్టి 3తో పోదు. 7తో, 11తో, 13తో భాగించినా శేషం మిగులుతుంది. ఇలా చిన్న ప్రధాన సంఖ్య నుంచి పెద్దదానికి వరుసగా వెళ్తే మొదటి 115 ప్రధాన సంఖ్యల్లో ఒక్కటి కూడా దీన్ని నిశ్శేషంగా భాగించదు. 116వ ప్రధాన సంఖ్య 641. అక్కడ లెక్క తెగుతుంది:

4,29,49,67,297 = 641 × 67,00,417

ఎవరైనా చేతితో గుణించి సరిచూసుకోవచ్చు. 67,00,417ని 600తో, 40తో, 1తో గుణిస్తే 4,02,02,50,200, 26,80,16,680, 67,00,417 వస్తాయి. మూడూ కూడితే సరి.

ఇంత మామూలు లబ్ధం గురించి వ్యాసం దేనికంటే, ఈ సంఖ్య 2³² + 1. రెండును 32 సార్లు గుణించి ఒకటి కలిపితే వచ్చేది. ద్విసంఖ్యామానంలో రాస్తే రెండు చివర్లా 1, మధ్యలో 31 సున్నాలు. దీనికున్న ప్రతి గుణమూ ఈ రూపంలోంచే పుడుతుంది. కొన్ని పరీక్షలకు ఇది క్షణంలో లొంగుతుంది, కొన్నింటిని నిలువునా మోసం చేస్తుంది. రెండింటికీ కారణం ఒకటే.

ఫెర్మా ఊహ

3, 5, 17, 257, 65,537. ఇవి వరుసగా 2¹ + 1, 2² + 1, 2⁴ + 1, 2⁸ + 1, 2¹⁶ + 1. ఘాతం ప్రతిసారీ రెట్టింపవుతుంది. ఐదూ ప్రధాన సంఖ్యలే. 1640లో ఫ్రెంచి గణితవేత్త పియెర్ ద ఫెర్మా ఈ వరుసలో వచ్చే ప్రతి సంఖ్యా ప్రధానమేనని ఊహించాడు. కచ్చితమైన నిరూపణ తన దగ్గర లేదని తోటి గణితవేత్త ఫ్రెనికల్‌కు రాసిన ఉత్తరంలో ఒప్పుకుంటూనే, ఆ నమ్మకాన్ని మాత్రం వదులుకోలేదు. వరుసలో తర్వాతిది మన సంఖ్యే. మొదటిదాన్ని సున్నాతో లెక్కపెట్టడం ఆనవాయితీ కాబట్టి దీన్ని ఐదవ ఫెర్మా సంఖ్య అంటారు.

1729 డిసెంబరులో గణితవేత్త గోల్డ్‌బాక్ ఒక ఉత్తరం చివర ఈ ఊహ సంగతి ప్రస్తావించి, మరో గణితవేత్త ఆయిలర్‌ను కదిలించాడు. 1732లో ఆయిలర్ 641 అనే భాజకాన్ని బయటపెట్టాడు. దాన్ని ఏ దారిలో పట్టుకున్నాడో ఆ తర్వాత రాసిన మరో వ్యాసంలో వివరించాడు.

ఆ దారి మొత్తం ఒక్క పరిశీలన మీద నిలబడింది. ఏదైనా ప్రధాన సంఖ్య 2³² + 1ని భాగిస్తుందనుకుందాం. దాన్ని ‘ప’ అందాం. అప్పుడు 2³²ని ‘ప’తో భాగిస్తే శేషం −1 (అంటే ప − 1). దాన్ని వర్గం చేస్తే 2⁶⁴కి శేషం 1. 2 ఘాతాలను (2, 4, 8, 16...) వరుసగా ‘ప’తో భాగిస్తూ పోతే శేషాలు ఎక్కడో ఒకచోట 1కి చేరి, మళ్లీ మొదటినుంచి తిరుగుతాయి. ఆ చక్రం పొడవు 64ని భాగించాలి, ఎందుకంటే 64 దగ్గర 1 వచ్చింది. కానీ 32ని భాగించకూడదు, ఎందుకంటే 32 దగ్గర వచ్చింది 1 కాదు, −1. 64ని భాగిస్తూ 32ని భాగించనిది 64 ఒక్కటే. కాబట్టి చక్రం పొడవు సరిగ్గా 64.

ఇక్కడ ఫెర్మా చిన్న సిద్ధాంతం వచ్చి కూర్చుంటుంది: ఈ చక్రం పొడవు ఎప్పుడూ ప − 1ని భాగిస్తుంది. అంటే ‘ప’ 64 గుణిజం కన్నా ఒకటి ఎక్కువగా ఉండాలి. 65, 129, 193, 257, 321, 385, 449, 513, 577, 641... వీటిలో ప్రధానాలు కానివి తీసేస్తే మిగిలేవి 193, 257, 449, 577, 641. అయిదో భాగహారంలో సంఖ్య విరిగిపోతుంది. 115 విఫల ప్రయత్నాల బదులు నాలుగు.

విచిత్రం ఏమిటంటే ఈ పనిముట్టు ఫెర్మా సొంతం. అదే 1640లో ఆయన ఇదే పద్ధతితో 2³⁷ − 1 అనే 1,37,43,89,53,471కి 223 అనే భాజకాన్ని పట్టుకున్నాడు (223 = 6 × 37 + 1). మరి 2³² + 1 దగ్గర ఐదు భాగహారాల దూరంలో ఎలా ఆగిపోయాడు? భాగహారంలో ఎక్కడో తప్పు చేసి, తిరిగి చూసుకోలేదన్నది ఒక ఊహ. మిగతా వివరణలకన్నా ఇదే నమ్మదగినట్టు ఉంటుంది. పెద్ద భాగహారం చేతితో చేసినవాళ్లకు అందులో ఒక అంకె జారడం ఎంత తేలికో తెలుసు.

1878లో ల్యూకా ఇంకో మెట్టు ఎక్కాడు: భాజకాలు 64 గుణిజం కాదు, 128 గుణిజం కన్నా ఒకటి ఎక్కువ ఉండాలి. మన సంఖ్య విషయంలో దీన్ని చూపించడానికి పెద్ద సిద్ధాంతాలేమీ అక్కర్లేదు. 256 × 65,535 = 1,67,76,960 తీసుకోండి. దీని వర్గాన్ని 2³² + 1తో భాగిస్తే శేషం 2. ఎందుకంటే 65,535 అంటే 2¹⁶ − 1. దాని వర్గం 2³² − 2¹⁷ + 1. ఇందులో 2³² + 1 పోతే మిగిలేది −2¹⁷. దాన్ని 256 వర్గమైన 2¹⁶తో గుణిస్తే −2³³, అంటే −2 × 2³². 2³² బదులు −1 పెడితే 2. అంటే ఈ శేషాల ప్రపంచంలో రెండుకి వర్గమూలం ఉంది. 2కి చక్రం పొడవు 64 అయితే, దాని వర్గమూలానికి చక్రం పొడవు 128. అదీ ప − 1ని భాగించాలి. ఇక 128 గుణిజం కన్నా ఒకటి ఎక్కువైన ప్రధానాలు 257, 641, 769... వీటిలో 257 స్వయంగా ఫెర్మా సంఖ్య. అది మన సంఖ్యను ఎందుకు భాగించలేదో ముందు ముందు తెలుస్తుంది. దాన్ని పక్కన పెడితే మొదటి ప్రయత్నమే 641.

చేతి లెక్కతో ఒక నిరూపణ

641ని రెండు రకాలుగా రాయవచ్చు: 5 × 2⁷ + 1, ఇంకా 5⁴ + 2⁴. మొదటిది చెప్పేది: 5 × 2⁷ని 641తో భాగిస్తే శేషం −1. దాన్ని నాలుగో ఘాతానికి ఎత్తితే 5⁴ × 2²⁸కి శేషం 1. రెండోది చెప్పేది: 641తో శేషాల లెక్కలో 5⁴ అంటే −2⁴తో సమానం. అది ఇందులో పెడితే −2³²కి శేషం 1, అంటే 2³² + 1కి శేషం సున్నా. అయిపోయింది. పది అంకెల భాగహారం లేకుండానే తేలిపోయింది.

ఈ నిరూపణను చాలామంది మెచ్చుకుంటారు. అది న్యాయమే. కానీ 641 జవాబని ముందే తెలిసినవాళ్లకే ఇది ఉపయోగం. వెతికేటప్పుడు పనికొచ్చేది ఇందాకటి చక్రం పొడవు వాదన, ఈ చమత్కారం కాదు. సరిచూసే పద్ధతినీ కనుక్కునే పద్ధతినీ కలిపి చెప్పడం వల్లే, ఆయిలర్‌కు 641 ఎక్కడినుంచి ఊడిపడిందో అర్థంకాక తల పట్టుకునే విద్యార్థులు ఉంటారు.

మరి రెండో భాజకం 67,00,417 సంగతి? దాన్ని ఇంకా విడగొట్టగలమా? దాని వర్గమూలం 2,588కీ 2,589కీ మధ్య ఉంటుంది. మామూలుగా అయితే ఆ లోపలి ప్రధానాలన్నిటితో భాగించి చూడాలి. కానీ దీన్ని భాగించే ప్రధానమేదైనా అసలు సంఖ్యనూ భాగించాలి కదా! కాబట్టి ల్యూకా నియమం దానికీ వర్తిస్తుంది. 2,588 లోపు 128 గుణిజం కన్నా ఒకటి ఎక్కువైన ప్రధానాలు ఐదే: 257, 641, 769, 1,153, 1,409. శేషాలు వరుసగా 170, 44, 120, 334, 622. ఒక్కటీ సున్నా కాదు. 67,00,417 ప్రధాన సంఖ్య. ఏడంకెల సంఖ్య ప్రధానమని ఐదు భాగహారాలతో తేల్చగలగడం ఈ రూపం ఇచ్చిన వరం.

రెండే ప్రధానాలు, ఒక్కోటి ఒక్కోసారి. కాబట్టి మన సంఖ్యకు మొత్తం భాజకాలు నాలుగు: 1, 641, 67,00,417, తాను. దానితో 1 తప్ప ఉమ్మడి భాజకం లేని, దానికన్నా చిన్న సంఖ్యలు 640 × 67,00,416 = 4,28,82,66,240. అంటే యాదృచ్ఛికంగా ఒక సంఖ్యను ఎంచుకుని దీనితో గ.సా.భా. తీస్తే భాజకం దొరికే అవకాశం సుమారు 641 సార్లలో ఒకసారి మాత్రమే. అదృష్టం మీద ఆధారపడే పద్ధతి కాదు.

రెండు వర్గాల మొత్తం, రెండు దారుల్లో

2³² + 1 అంటే 65,536² + 1². ఇది రెండు వర్గాల మొత్తమని చెప్పడానికి ఎవరూ కష్టపడక్కర్లేదు. అసలు సంగతి రెండో దారిలో ఉంది:

62,264² + 20,449² = 3,87,68,05,696 + 41,81,61,601 = 4,29,49,67,297

4 గుణిజం కన్నా ఒకటి ఎక్కువైన ప్రధాన సంఖ్య ఏదైనా రెండు వర్గాల మొత్తంగా ఒకే ఒక్క రకంగా వస్తుంది. ఇక్కడ రెండు రకాలు వచ్చాయి కాబట్టి ఇది ప్రధానం కాదు. అంతే కాదు, ఆ రెండు రూపాల్లోంచి భాజకాలను పిండవచ్చు. ఈ పద్ధతి కూడా ఆయిలర్‌దే.

సరి సంఖ్యలను ఒక జతగా, బేసి సంఖ్యలను ఒక జతగా పెట్టి తేడాలు తీయాలి. 65,536 − 62,264 = 3,272. 20,449 − 1 = 20,448. ఈ రెండింటి గ.సా.భా. 8. భాగిస్తే 409, 2,556 వస్తాయి. తర్వాత మొత్తాలు: 65,536 + 62,264 = 1,27,800. 20,449 + 1 = 20,450. మొదటిదాన్ని 2,556తో, రెండోదాన్ని 409తో భాగిస్తే రెండు చోట్లా 50 వస్తుంది. అలా రాలేదంటే పైన ఎక్కడో లెక్క తప్పినట్టే. ఇప్పుడు 8, 50లలో సగాలు 4, 25. వాటి వర్గాల మొత్తం 16 + 625 = 641. 409, 2,556ల వర్గాల మొత్తం 1,67,281 + 65,33,136 = 67,00,417.

తిరగేసి చూస్తే ఇంకా బాగుంటుంది. 25 × 409 = 10,225. 4 × 2,556 = 10,224. వీటి తేడా 1. ఆ ఒకటే 2³² + 1 చివర కనబడే ఒకటి. మొత్తం 20,449. అలాగే 25 × 2,556 = 63,900, 4 × 409 = 1,636. కూడితే 65,536, తీసేస్తే 62,264. రెండు రూపాలూ 4, 25, 409, 2,556 అనే నాలుగు సంఖ్యల ఆటే.

ఫెర్మాకు భాజకాల కోసం సొంత పద్ధతి ఇంకోటి ఉంది: సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయడం. వర్గమూలం దగ్గర మొదలుపెట్టి ఒక్కో సంఖ్య వర్గంలోంచి మన సంఖ్యను తీసేస్తూ, మిగిలినది పరిపూర్ణ వర్గమా అని చూస్తూ పోవాలి. రెండు భాజకాలు దగ్గర దగ్గరగా ఉంటే ఇది చిటికెలో పని. ఇక్కడ మాత్రం ఒకటి 641, ఇంకోటి దానికి పదివేల రెట్లకు పైన. చేరాల్సిన రూపం 33,50,529² − 33,49,888². మొదలయ్యేది 65,537 దగ్గర. అంటే 32,84,993 ప్రయత్నాలు. మామూలుగా ఒక్కో ప్రధానంతో భాగించుకుంటూ పోయినా, ఏమీ దొరక్క వర్గమూలం దాకా వెళ్లాల్సి వచ్చినా, 65,536 లోపున్న 6,542 ప్రధానాలతో పని ముగుస్తుంది. పద్ధతిది తప్పు కాదు, సంఖ్య నిర్మాణానికి అది సరిపడదు.

రెండుతో పరీక్షిస్తే బోల్తా

భాజకం జోలికి పోకుండానే ఒక సంఖ్య ప్రధానం కాదని చెప్పే పరీక్ష ఉంది. ప్రధాన సంఖ్య అయితే 2ని (సంఖ్య − 1) ఘాతానికి ఎత్తితే శేషం 1 రావాలి. రాకపోతే అది ప్రధానం కాదు. మన సంఖ్యతో చేస్తే ఘాతం 2³². 2కి చక్రం పొడవు 64. అది 2³²ని భాగిస్తుంది. కాబట్టి శేషం ఖాయంగా 1. పరీక్ష ‘ప్రధానం కావచ్చు’ అంటుంది. అబద్ధం.

ఇది ఈ ఒక్క సంఖ్య దురదృష్టం కాదు. ఫెర్మా సంఖ్యలన్నీ, ప్రధానమైనవీ కానివీ, రెండుతో చేసే ఈ పరీక్షలో పాసవుతాయి. సంఖ్యను పుట్టించిందే రెండు. పుట్టించినవాడినే సాక్షిగా పిలిస్తే వచ్చే సాక్ష్యం అలాగే ఉంటుంది. వేరే సంఖ్యను పిలవాలి.

1877లో పెపిన్ పిలిచింది మూడుని. నియమం ఇది: 3ని 2³¹ ఘాతానికి ఎత్తితే (అంటే సంఖ్య − 1లో సగం) శేషం −1 వస్తే సంఖ్య ప్రధానం, రాకపోతే కాదు. రెండు వైపులా కచ్చితం, ‘కావచ్చు’ లేదు. కారణం చిన్నదే. శేషం −1 వస్తే 3కి చక్రం పొడవు సరిగ్గా 2³², అంటే సంఖ్య కన్నా ఒకటే తక్కువ. అంత పొడవైన చక్రం ప్రధాన సంఖ్యకే సాధ్యం. మరోవైపు, సంఖ్య నిజంగా ప్రధానమైతే మూడు అక్కడ ఏ వర్గానికీ శేషంగా రాదు కాబట్టి −1 రాక తప్పదు.

చేయాల్సింది 31 వర్గీకరణలు. 3 నుంచి మొదలుపెడితే 9, 81, 6,561, 4,30,46,721. ఇంతవరకు శేషం తీయాల్సిన పనిలేదు. అయిదో వర్గం 1,85,30,20,18,88,51,841. దీన్ని తగ్గించడానికి పెద్ద భాగహారం అక్కర్లేదు. 2³² బదులు −1 పెట్టవచ్చు కాబట్టి, సంఖ్యను 2³²తో భాగించి, శేషంలోంచి భాగఫలాన్ని తీసేస్తే చాలు. కంప్యూటర్‌లో అయితే ఇది భాగహారం కూడా కాదు, కింది 32 బిట్లు ఒక ముక్క, పై బిట్లు ఇంకో ముక్క. ఇక్కడ పై ముక్క 4,31,439. కింది ముక్క 3,79,36,32,897. తేడా 3,79,32,01,458. అదే అయిదో మెట్టు శేషం. ఇలాగే ఇంకో 26 మెట్లు ఎక్కితే 31వ మెట్టు మీద వచ్చేది 1,03,24,303. రావాల్సింది 4,29,49,67,296. రాలేదు కాబట్టి సంఖ్య ప్రధానం కాదు. ఇంకో వర్గం చేస్తే 3,02,90,26,160 వస్తుంది. మామూలు పరీక్షలో అది 1 కావాలి, అక్కడా తప్పింది.

ఈ మధ్య మెట్లను సరిచూసుకోవడానికి 641 పనికొస్తుంది. మూడు నుంచి మొదలుపెట్టి 641తో విడిగా వర్గీకరించుకుంటూ పోతే శేషాలు 9, 81, 151, 366, 628, 169, 357, 531, 562, 472. ఆ తర్వాత మళ్లీ 357. అక్కడినుంచి 357, 531, 562, 472 నాలుగే తిరుగుతుంటాయి. 31వ మెట్టుకు 357 రావాలి. 1,03,24,303ని 641తో భాగించండి, 357 మిగులుతుంది. అయిదో మెట్టులోని 3,79,32,01,458కి 628 మిగలాలి. మిగులుతుంది.

ప్రోగ్రామ్ రాసేవాళ్లు జారే చోట్లు మూడు. మొదటిది, గుర్తు లేని 32 బిట్ల పూర్ణాంకంలో పట్టే అతిపెద్ద సంఖ్య 4,29,49,67,295. మన సంఖ్య దానికి రెండు ఎక్కువ. అందులో దాచితే 1 అయి కూర్చుంటుంది, ఏ హెచ్చరికా రాదు. రెండోది, 64 బిట్లకు మారినా పూర్తిగా గట్టెక్కినట్టు కాదు. రాగల అతిపెద్ద శేషం 2³². దాని వర్గం 2⁶⁴. 64 బిట్లలో పట్టేది 2⁶⁴ − 1 వరకే, ఒక్కటంటే ఒక్కటి తేడాతో పొంగిపోయి సున్నా అవుతుంది. దాని కిందున్న శేషాల వర్గాలన్నీ పడతాయి. కాబట్టి ఆ ఒక్క విలువను విడిగా చూసుకుని జవాబు 1 అని రాసేయాలి. మూడోది, కింది ముక్క పై ముక్క కన్నా చిన్నదైతే తీసివేతలో రుణ సంఖ్య వస్తుంది. గుర్తు లేని పూర్ణాంకాల్లో రుణ సంఖ్య అంటే ఓ పెద్ద చెత్త విలువ. ముందే పోల్చి 4,29,49,67,297 కలిపి తీసేయాలి. ఇక దశాంశ బిందువు సంఖ్యలతో లెక్క చేసేవాళ్లకు 2⁵³ దాటాక పూర్ణాంకాలు కచ్చితంగా నిలవవు. తప్పు జవాబు కూడా చూడ్డానికి సరైనదానిలాగే ఉంటుంది.

రెండును నమ్మితే వచ్చే చిక్కు ఇంకోచోట కూడా తగులుతుంది. 1974లో పోలార్డ్ చెప్పిన పద్ధతి ఒకటుంది: ఒక ఆధార సంఖ్యను చాలా చిన్న భాజకాలున్న ఘాతానికి ఎత్తి, ఒకటి తీసేసి, మన సంఖ్యతో గ.సా.భా. తీయడం. ప్రధాన భాజకం కన్నా ఒకటి తక్కువైన సంఖ్య చిన్న చిన్న భాజకాలుగా విడిపోతే ఇది పనిచేస్తుంది. 641 − 1 = 2⁷ × 5, ఇంతకన్నా అనువైనది దొరకదు. ఇంకోవైపు 67,00,416 = 2⁷ × 3 × 17,449. అందులో 17,449 పెద్ద ప్రధానం, అడ్డంగా నిలబడుతుంది. ఆధారం 3 పెట్టి ఘాతంగా 7! (1 నుంచి 7 దాకా సంఖ్యల లబ్ధం) అంటే 5,040 తీసుకుంటే ఏమీ దొరకదు, 5,040లో రెండు నాలుగుసార్లే ఉంది, కావాల్సింది ఏడుసార్లు. 8! అంటే 40,320 దగ్గర 641 చేతికొస్తుంది.

అదే పని ఆధారం 2తో చేయండి. 7! దగ్గర గ.సా.భా. 1. 8! దగ్గర గ.సా.భా. మొత్తం సంఖ్యే. మధ్యలో 641 కనబడనే కనబడదు. రెండు భాజకాల దగ్గరా 2కి చక్రం పొడవు ఒకటే, 64. కాబట్టి రెండూ ఒకేసారి వలలో పడతాయి, లేదా రెండూ తప్పించుకుంటాయి. చాలా ప్రోగ్రాముల్లో ఆధారం మొదట 2గానే పెట్టి ఉంటుంది. గ.సా.భా.గా సంఖ్యే తిరిగొస్తే పద్ధతి విఫలమైందని అనుకునే ముందు ఆధారం మార్చి చూడాలి.

రెండు తగ్గితే

4,29,49,67,297లోంచి రెండు తీసేస్తే 4,29,49,67,295. ఇది ముందున్న ఐదు ఫెర్మా సంఖ్యల లబ్ధం: 3 × 5 × 17 × 257 × 65,537. 2³² − 1ని (2¹⁶ − 1)(2¹⁶ + 1)గా, అందులో మొదటిదాన్ని మళ్లీ అలాగే విడదీసుకుంటూ పోతే ఇది దానంతటదే వస్తుంది. అందుకే 257తో మన సంఖ్యను భాగిస్తే శేషం 2. మిగతా నాలుగింటితోనూ అంతే. ఇందాక 257ని పక్కన పెట్టింది ఈ ధైర్యంతోనే.

ఈ పక్కింటి సంఖ్యకు జ్యామితిలో పెద్ద పేరుంది. స్కేలు, వృత్తలేఖినితో 17 భుజాల క్రమ బహుభుజిని గీయవచ్చని గౌస్ 1796లో కనిపెట్టాడు. బేసి సంఖ్యలో భుజాలుంటే, ఆ సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధానాల లబ్ధమైతేనే అలా గీయగలం. ‘అయితేనే’ అన్న సగాన్ని 1837లో వాంట్జెల్ నిరూపించాడు. తెలిసిన ఫెర్మా ప్రధానాలు ఐదు కాబట్టి అలాంటి బేసి బహుభుజులు 31. వాటిలో అతిపెద్దదానికి 4,29,49,67,295 భుజాలు. 2³² + 1 ప్రధానమై ఉంటే ఈ జాబితా 63కి పెరిగేది. 641 ఆ తలుపు మూసేసింది. 641 భుజాల బహుభుజిని కూడా ఆ పనిముట్లతో గీయలేం.

తర్వాతి సంఖ్యలు

ఇదే రూపంలో తర్వాతిది 2⁶⁴ + 1, ఇరవై అంకెలు. 1880లో లాండ్రీ దాన్ని 2,74,177 × 6,72,80,42,13,10,721గా విడగొట్టాడు. 2¹²⁸ + 1 మాత్రం 1970 దాకా ఆగింది, మోరిసన్, బ్రిల్‌హార్ట్ వితత భిన్నాలతో (భిన్నం కింద భిన్నంగా సాగే రూపాలతో) సాధించారు. 2²⁵⁶ + 1ని 1980లో బ్రెంట్, పోలార్డ్ విడగొట్టారు. ఒక్కో మెట్టుకు అంకెలు రెట్టింపవుతాయి. పద్ధతులు మారకపోతే పని రెట్టింపు కాదు, వర్గం అవుతుంది.

అయిదవది మొదలుకొని ముప్పై రెండవ ఫెర్మా సంఖ్య దాకా ఒక్కటీ ప్రధానం కాదని తేలింది. అందులో ఇరవయ్యవది, ఇరవై నాలుగవది వింతగా మిగిలాయి. మొదటిదానికి 3,15,653 అంకెలు, రెండోదానికి 50,50,446. పెపిన్ పరీక్షలో శేషం −1 రాలేదు కాబట్టి ఇవి విడిపోతాయని ఖాయం, కానీ వాటి ఒక్క భాజకం కూడా ఇప్పటిదాకా ఎవరికీ దొరకలేదు. మన సంఖ్య దగ్గర 641 అయిదో ప్రయత్నంలో దొరికింది గనక, విడిపోతుందని తెలియడం, ఎలా విడిపోతుందో తెలియడం ఒకటే అనిపిస్తుంది. ఇక్కడ అవి రెండూ పూర్తిగా వేరైపోయాయి.

ముప్పై మూడవదాని దగ్గర పెపిన్ పరీక్ష కూడా ఆగిపోతుంది. దానికి 258 కోట్లకు పైగా అంకెలు. పరీక్షకు కావాల్సిన వర్గీకరణలు 858 కోట్లకు పైగా, ప్రతి ఒక్కటీ అంత పొడవు సంఖ్య మీద. ఒకటి పూర్తయితే గానీ తర్వాతిది మొదలుకాదు, కాబట్టి వెయ్యి యంత్రాలకు పంచిపెట్టడం కుదరదు. చేయగలిగిందల్లా ఆయిలర్, ల్యూకా చూపిన దారిలో వెతకడం: 2³⁵ గుణిజం కన్నా ఒకటి ఎక్కువైన ప్రధానాలను ఒక్కొక్కటే తీసుకుని, 2ని 33 సార్లు వర్గీకరించి, శేషం −1 వస్తుందేమో చూడటం.